చప్పుడు లేని గంతులు

స్టెపంట్స్‌మిండాకు వచ్చినవాళ్ళందరూ పడమటికి తిరిగి నిలబడతారు. నిలబడక ఏం చేస్తారు! అటు 5,054 మీటర్ల కజ్బేక్ శిఖరం, దానికి ముందు ఒక గుట్ట నెత్తిన 14వ శతాబ్దంలో కట్టిన గెర్గెటి చర్చి. జార్జియా దేశం గురించి ఎక్కడ ఏ పోస్టర్ చూసినా ఈ బొమ్మే. ఊళ్ళో హోటళ్ళ వరండాలన్నీ అటే, కుర్చీలన్నీ అటే. మే నెలలో మాత్రం తెల్లవారకముందే కొంతమంది ఆ వైభవానికి వీపు పెట్టి, తూర్పున ఉన్న కూరో కొండ వాలుకేసి టెలిస్కోపులు బిగించుకుని కూర్చుంటారు. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళుంటారు, హాలండు నుంచి వచ్చినవాళ్ళుంటారు. మొన్నటి మే నెలలో వాళ్ళ మధ్య కర్నూలు మనిషి కూడా ఒకడున్నాడు.

వాళ్ళు వెతికేది కిలో బరువు తూగే ఒక నల్లటి పక్షిని. పేరు కాకసస్ గ్రౌస్. జార్జియా వాళ్ళు ‘రోచో’ అంటారు. నల్ల సముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ మధ్య అడ్డంగా పడుకున్న కాకసస్ కొండల్లో, వాటికి దక్షిణంగా టర్కీ ఈశాన్య మూలనా ఇరాన్ వాయవ్య మూలనా ఉన్న ఎత్తైన కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది లేదు. గ్రౌస్‌లంటే కోళ్ళు, నెమళ్ళు, కౌజులు ఉన్న పెద్ద కుటుంబంలో చలిదేశాలకు వెళ్ళి స్థిరపడిన శాఖ. కాళ్ళ మీద ఈకలు, ముక్కు రంధ్రాల మీద కూడా ఈకలు. ఆ శాఖ మన దేశంలో అడుగుపెట్టలేదు, హిమాలయాల్లో సైతం లేదు. మన మెట్ట పొలాల్లో తిరిగే పొలంక పిట్టల్ని ఇంగ్లీషు పుస్తకాలు ఇసుక గ్రౌస్ అని రాస్తాయి గానీ, వాటికీ వీటికీ చుట్టరికం ఏమీ లేదు.

మా అక్క కూతురు టిబిలిసిలో వైద్యం చదువుతోంది. అక్కడి మెడికల్ కాలేజీల్లో మన రెండు రాష్ట్రాల పిల్లలు బోలెడంత మంది ఉన్నారు. వాళ్ళుండే వీధుల్లో సాయంత్రం నడుస్తుంటే గుంటూరు యాసా కరీంనగర్ యాసా కలిసి వినపడతాయి. అక్క ఇచ్చిన కారప్పొడి, గోంగూర పచ్చడి చేరవేయడం నా ప్రయాణానికి బయటికి చెప్పిన కారణం. లోపలి కారణం ఏమిటో ఆ పిల్లకు డిదూబె బస్టాండులో తెలిసింది.

“కోడిని చూడ్డానికి ఇంత దూరమా మామా? మన కర్నూలు దగ్గర రోళ్లపాడులో లేవా?”

“రోళ్లపాడులో ఉన్నప్పుడు నువ్వు పుట్టలేదు. ఎక్కు బండి.”

బండి అంటే మార్ష్రూట్కా. పదిహేను, ఇరవై మంది పట్టే వ్యాను. నిండితే కదులుతుంది, నిండకపోతే డ్రైవరు సిగరెట్టు కాలుస్తాడు. టిబిలిసి నుంచి రష్యాలోని వ్లాదికవ్‌కాజ్ దాకా వెళ్ళే పాత సైనిక మార్గం మీద ప్రయాణం. జిన్వాలి జలాశయం, దాని ఒడ్డున అననూరి కోట, ఆ తర్వాత మెలికలు. 2,300 మీటర్లు దాటిన జ్వారి కనుమ దగ్గర మే నెలలో కూడా రోడ్డుకు రెండు పక్కలా మంచు గోడల్లా నిలబడి ఉంది. ఈ దారి పొడవునా రష్యాకూ అర్మేనియాకూ మధ్య తిరిగే లారీలే. లార్సి సరిహద్దు గేటు దగ్గర రద్దీ పెరిగితే లారీల వరస కిలోమీటర్ల కొద్దీ వెనక్కి సాగుతుంది. కనుమను తప్పించడానికి కొండ కింద దాదాపు 9 కిలోమీటర్ల సొరంగం పని అప్పటికి సాగుతోంది. అది తెరిస్తే ఈ మెలికల మీద లారీల పొగ తగ్గుతుందని మా డ్రైవరు ఆశ. నా పక్క సీటాయనకు ఆ ఆశ లేదు.

ఊరు సముద్రమట్టానికి 1,740 మీటర్ల ఎత్తున ఉంది. సోవియట్ కాలంలో ఇక్కడి రచయిత అలెగ్జాండర్ కజ్బేగి పేరు పెట్టారు, 2006లో పాత పేరు తిరిగొచ్చింది. అయినా బస్సు బోర్డుల మీదా జనం నోళ్ళలోనూ ఇంకా కజ్బేగియే. ఊరి అడుగున తెర్గి నది బూడిద రంగు నీళ్ళతో పరుగెడుతుంటుంది. దాని ఒడ్డున ముళ్ళకంపల మీద నారింజ రంగు చిన్న పళ్ళుంటాయి, సీ బక్‌థార్న్ అంటారు. చలికాలమంతా పై కొండల నుంచి దిగొచ్చే పిట్టలకు అవే తిండి. నేను వెళ్ళేసరికి చాలా పిట్టలు పైకి వెళ్ళిపోయాయి. కంపల్లో గొడవ చేస్తున్నవి వేరే చిల్లరమల్లర పిట్టలు. వాటి జోలికి ఇప్పుడు పోను.

మా గైడుకు యాభై దాటి ఉంటాయి. వాళ్ళ నాన్న ఈ కొండల్లో వేటగాడట. “మా నాన్న తుపాకీ గొట్టంలోంచి చూసినవాటినే నేను గాజు గొట్టంలోంచి చూస్తాను, డబ్బులు నాకే ఎక్కువ వస్తాయి” అని నవ్వాడు. అతని షరతులు రెండు. ఒకటి, చీకట్లో బయల్దేరాలి. రెండు, అతను ఆగమన్న చోటు నుంచి ఒక్క అడుగు కూడా పైకి వెయ్యకూడదు. ఆ రెండో షరతు విని నాకు అతని మీద గురి కుదిరింది.

ఊరి తూర్పు అంచున కొండ మీద ఎలియా ప్రవక్త పేరిట ఒక చిన్న గుడి ఉంది. దాని పక్క నుంచి దారి పైకి పోతుంది. గుడి దాటాక పైన్ చెట్ల తోపు అయిపోతుంది, ఆపైన గడ్డి. టార్చిలైటు వెలుగులో గడ్డి మీద గడ్డకట్టిన మంచు కరకరమంటోంది. నా మేనకోడలు రెండు స్వెట్టర్ల మీద నా శాలువా కూడా లాక్కుంది. ఒక చదునైన చోట గైడు సంచి దింపి, టెలిస్కోపు స్టాండు మూడు కాళ్ళూ నేలలోకి గుచ్చి, థెర్మాస్ తీశాడు. ఇక ఇక్కడే.

ఈ వాలుకు ఒక సౌకర్యం ఉంది. పొద్దు కూరో వెనక నుంచి రావాలి కాబట్టి పడమటి వాలు చాలాసేపు నీడలోనే ఉంటుంది. మన వెనక కజ్బేక్ కొమ్మున ఎండ పడి ఎర్రబడుతుంది, ఆ వెలుగు కాస్త ఇటు తిరిగొస్తుంది. కంటికి కొట్టే వెలుతురు కాదు గనక ప్రతి రాయీ, ప్రతి పొదా విడివిడిగా కనిపిస్తుంది. ముందు వినిపించింది మేం వెతుకుతున్న పక్షి కాదు. ఎక్కడో పై రాళ్ళలోంచి ఒక ఈల సాగి సాగి పైకి లేచింది. కాకసస్ స్నోకాక్, ప్రధాన కాకసస్ శ్రేణిలో తప్ప ఎక్కడా బతకని ఇంకో కొండకోడి. బరువు గ్రౌస్‌కు రెట్టింపు, గొంతు పది రెట్లు. అది కూసిందంటే లోయ అవతలికి వినపడుతుంది గానీ, ఎంత వెతికినా రాళ్ళలో రాయిలా కలిసిపోయి కనపడదు. గ్రౌస్ సరిగ్గా దీనికి తిరగబడిన జీవి. కనపడుతుంది, వినపడదు.

గైడు టెలిస్కోపును అటూ ఇటూ తిప్పి, ఒకచోట ఆపి, నాకు చోటిచ్చి పక్కకు జరిగాడు.

కరిగిన మంచు ముక్కకూ పసుపుపచ్చ ఎండుగడ్డికీ మధ్య నిలబడి ఉంది. నిలబడటం అంటే మామూలుగా కాదు, మెడ లోపలికి లాక్కుని, తోక నిటారుగా ఎత్తి, రెక్కలు కొద్దిగా వేలాడేసి. ఒళ్ళంతా మఖమల్ నలుపు. తల కొంచెం తిప్పినప్పుడు మెడ మీద నీలీ ఆకుపచ్చా కలిసిన నిగనిగ ఒక్క క్షణం మెరిసి పోయింది. కళ్ళ పైన ఎర్రటి కండ, చలిలో ఉబ్బి, నుదుటి మీద పొద్దుటే పెట్టుకున్న బొట్టంత స్పష్టంగా ఉంది. భుజం దగ్గర ఒక చిన్న తెల్ల మచ్చ. తోక పొడుగు, మధ్యలో లోతుగా చీలి ఉంది. అంచు ఈకలు చివర్లలో బయటికి వంగి, కిందికి తిరిగాయి. నిలబడ్డ పక్షి ముక్కు నుంచి తోక దాకా అర మీటరు పైచిలుకు ఉంటుంది, అందులో తోక వాటా ఎక్కువే.

యూరప్ నుంచి సైబీరియా దాకా ఉండే నల్ల గ్రౌస్ దీనికి అన్న వరస. దాని తోక చివర్లు బాగా పక్కలకు చుట్టుకుంటాయి, తోక కింద తెల్లటి ఈకలు గుత్తిగా ఉంటాయి, రెక్క మీద తెల్ల పట్టీ ఉంటుంది. కాకసస్ దానికి ఆ గుత్తీ లేదు, పట్టీ లేదు. అలంకారాల విషయంలో తమ్ముడు పొదుపరి. గొంతు విషయంలో అయితే పరమ పిసినారి. నల్ల గ్రౌస్‌లు ఆటస్థలంలో గుమికూడితే గుడగుడమంటూ, బుసకొడుతూ చేసే గోల మైళ్ళ దూరం వినిపిస్తుంది. ఇక్కడ మా ముందు వాలు మీద ఆరో ఏడో మగపక్షులున్నాయి, ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా తెల్లవారుజామున ఇవి చేరే చోటు అదే, అయినా గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపు ఏమీ జరగలేదు కూడా. నా మేనకోడలు టీ రెండోసారి పోసుకుంది.

అప్పుడు కింద ఉన్న పక్షి ఒక్కసారిగా నిలువునా ఎగిరింది. మీటరు పైన లేచి ఉంటుంది. గాలిలో రెక్కలు టపటపా ఆడించి, దిగేటప్పుడు ఒళ్ళు తిప్పి, ఎగిరినప్పుడు ఎటు చూస్తూ ఉందో దానికి వ్యతిరేక దిక్కుకు చూస్తూ వాలింది. వాలి, మళ్ళీ అదే బిగువుతో కదలకుండా నిలబడింది. అంతా కలిపి రెండు మూడు సెకన్ల పని. ఆ రెండు మూడు సెకన్లలో కనిపించింది నలుపు కాదు, తెలుపు. రెక్కల అడుగు భాగం పాలలా తెల్లగా ఉంటుంది. మూసుకుని ఉన్నంతసేపూ ఆ తెలుపు ఉన్నట్టే తెలీదు, గంతు వేసినప్పుడు నీడలో ఉన్న వాలు మీద దీపం వెలిగించి ఆర్పినట్టు మెరుస్తుంది. పైనున్న ఇంకో పక్షి వెంటనే ఎగిరింది. దాని తర్వాత ఎడమవైపుది. కాసేపు ఆ వాలు మీద అక్కడొకటీ ఇక్కడొకటీ తెల్లగా వెలిగి ఆరాయి, మళ్ళీ అన్నీ బొమ్మల్లా నిలబడిపోయాయి. దగ్గరుంటే రెక్కల నుంచి సన్నటి ఈల లాంటి చప్పుడు వినపడుతుందని గైడు చెప్పాడు. మేమున్న దూరానికి అదీ లేదు.

“ఇంతేనా మామా?” అంది మా అమ్మాయి. ఆ తర్వాత పావుగంట నాకు టెలిస్కోపు దగ్గర చోటు దొరకలేదు.

ఈ గంతు నాకు కొత్తది కాదు. 1988లో బట్టమేక పిట్టల కోసం రోళ్లపాడును అభయారణ్యం చేశారు. బట్టమేక కాక అక్కడ వానాకాలంలో కనిపించే ఇంకో పక్షి నేల నెమలి. మగది నల్లగా, తల వెనక రిబ్బన్ల లాంటి ఈకలతో ఉంటుంది. వానలకు మొలిచిన గడ్డి దాని తలకన్నా ఎత్తు. కాబట్టి ఆడదాని కంట పడాలంటే గడ్డి మీదికి ఎగరాలి, ఎగిరి ఎగిరి దిగుతుంది, రోజుకు కొన్ని వందల సార్లు. ఎగిరినప్పుడు కప్ప అరిచినట్టు ఒక బెకబెక కూడా ఉంటుంది. రోళ్లపాడు గడ్డిలో దాని కోసం కాపు కాసిన రోజుల్లో నాకు గంతంటే గడ్డిని దాటడం అనే అర్థమయింది. కూరో వాలు మీద ఆ అవసరం లేదు. మంచు కింద అణిగి లేచిన గడ్డి పక్షి పాదాలను కూడా సరిగ్గా దాచదు. అయినా ఎగురుతుంది, ఎందుకంటే దాచుకున్న తెలుపును బయటపెట్టే వీలు గాలిలోనే ఉంది. గొంతుతో చేయాల్సిన పనిని రెక్కల అడుగుకు అప్పగించేసింది. అది చెల్లాలంటే చూసే కంటికీ పక్షికీ మధ్య ఏ చెట్టూ అడ్డు ఉండకూడదు. అందుకే దీని ఆట ఎప్పుడూ అడవిపైన, చెట్లు ఆగిపోయిన చోట, ఎండ పడి మంచు ముందుగా కరిగే బయలు వాలుల మీదే. అడవిలో ఆడే పక్షికి గొంతు కావాలి. బయట ఆడేదానికి బయలు చాలు. శాస్త్రజ్ఞులు దీన్ని ఇంకా జాగ్రత్తగా చెబుతారేమో గానీ, ఆ వాలు ముందు కూర్చున్నవాడికి ఇది తట్టకుండా ఉండదు.

ఆడపక్షి వచ్చిన సంగతి మాకెవరికీ తెలీలేదు. మగవాటి నిలబడే తీరు మారింది, తోకలు ఇంకాస్త బిగిశాయి, అది చూసి గైడు వెతికి పట్టుకున్నాడు. గోధుమా బూడిదా కలిసిన రంగు, ఒళ్ళంతా సన్నటి అడ్డగీతలు. మగదానికన్నా బాగా చిన్నది. తోకలో వంపుల్లేవు. అది కదిలినప్పుడే పక్షి, ఆగితే ఎండుగడ్డి. తీరిగ్గా మొలకలు కొరుక్కుంటూ ఆ మగవాటి మధ్య నుంచి నడిచి అటు పక్క పొదల్లోకి వెళ్ళిపోయింది. దాని వెనక వాలు మీద గంతులు కొన్ని పెరిగాయి. ఒక మగది మరీ గోధుమ రంగులో, తోక పొట్టిగా ఉంది, మిగతావాటికి ఎడంగా నిలబడింది. పోయినేటి పిల్ల అన్నాడు గైడు. మగపిల్లలు పూర్తిగా నల్లబడటానికి రెండో ఏడు రావాలి. అంతదాకా ఆటస్థలం అంచున నిలబడి చూడటమే.

జత కట్టాక మగదాని బాధ్యత అక్కడితో సరి. గూడు ఆడదే, పొదగడం ఆడదే, పిల్లల్ని తిప్పడం ఆడదే. గూడు కూడా గూడేం కాదు, పొద కింద నేల మీద చిన్న గుంట, రెండు నుంచి పది దాకా గుడ్లు, మూడు వారాల పైచిలుకు పొదుగు. ఆ పొద చాలాసార్లు రోడోడెండ్రాన్ అవుతుంది. హిమాలయాల్లో బురాంశ్ అని ఎర్రగా పూసే చెట్టుకు ఇది చెల్లెలు, కానీ చెట్టు కాదు, మోకాలెత్తున వాలంతా అల్లుకునే పొద. ఆకు మందం, ఏడాదంతా పచ్చగా ఉంటుంది, జూన్‌లో వెన్న రంగు పూలు పూస్తుంది. దాని పక్కనే బర్చ్ చెట్ల తోపులు. కూరో వాలు మీద చూస్తే ఒక వరస తెలుస్తుంది. కింద ఊరు, పైన్లు. ఆపైన వంకర తిరిగిన బర్చ్‌లు, మంచు బరువుకు మొదళ్ళు పడమటికి వాలిపోయి. ఆపైన రోడోడెండ్రాన్, జునిపెర్ పొదలు. ఆపైన పచ్చిక, ఆపైన రాయి, మంచు. గ్రౌస్ బతుకంతా ఈ మధ్య రెండు మూడు మెట్లలోనే, ఇక్కడ సుమారు రెండు వేల మీటర్ల పైన. ఆటకు పచ్చిక, గూటికి పొద, చలికాలానికి బర్చ్. ఏ ఒక్కటి లేకపోయినా దానికి సంసారం సాగదు.

చలికాలం సంగతి గైడు ఎక్కువ ఇష్టంగా చెప్పాడు. వలస పోదు. గడ్డి మంచు కింద పూడిపోయాక బర్చ్ కొమ్మల మీదికి ఎక్కి మొగ్గలూ లేత రెమ్మలూ తింటుంది, జునిపెర్ సూదులు కూడా. పోషకం లేని ఆ కట్టెతిండిని అరిగించడానికి గ్రౌస్‌ల పేగుల్లో రెండు పొడుగాటి సంచులుంటాయి, వాటిలోని సూక్ష్మజీవులు పీచును విరగ్గొడతాయి. చాలా గ్రౌస్‌లకు చలికాలంలో వేళ్ళ అంచున దువ్వెన పళ్ళలాంటి పొలుసులు మొలిచి, వసంతానికి రాలిపోతాయి, మంచులో కూరుకుపోకుండా. రాత్రి మంచులోకే దూకి లోపల సొరంగం చేసుకుని పడుకుంటుంది. బయట ఎముకలు కొరికే చలి, లోపల గాలి తగలని గది. పొద్దున స్కీయింగ్ చేసేవాళ్ళు దగ్గరికి రాగానే మంచు పగిలి నల్లటి పక్షి లేచి పోతుందట. ఒక్కసారి అలా లేపితే ఆ పూట తిన్న మొగ్గల శక్తి అంతా ఖర్చు. చలికాలంలో దానికి ఖర్చు పెట్టుకునే స్తోమతు లేదు.

ఈ పక్షి శాస్త్రీయ నామం పలకాలంటే నోరు తిరగాలి. లైరూరస్ మ్లొకోసీవిచీ. లుడ్విక్ మ్లొకోసీవిచ్ అనే పోలండు మనిషి పేరు అది. 1831లో పుట్టాడు, రష్యా జారు సైన్యంలో ఉద్యోగిగా కాకసస్‌కు వచ్చాడు, జార్జియా తూర్పు మూలన లగొదెఖి అనే ఊళ్ళో స్థిరపడి, ఆ తర్వాత అడవుల అధికారి అయ్యాడు. కొండలు తిరిగి పురుగులూ మొక్కలూ పక్షులూ సేకరించి వార్సా మ్యూజియానికి పంపుతుండేవాడు. అలా పంపిన ఈ పక్షికి 1875లో పక్షిశాస్త్రజ్ఞుడు వ్వాదిస్వావ్ తచనోవ్‌స్కీ ఆయన పేరు పెట్టాడు. లేత పసుపు పూలు పూసే ఒక పియోనీ మొక్కకు కూడా ఆయన పేరే. లగొదెఖి అడవిని కాపాడాలని ఆయన పట్టుబట్టాడు. 1909లో పోయాడు, 1912లో అది రక్షిత వనం అయింది. పరాయి సైన్యంలో చేరి, పరాయి కొండకు అంకితమైపోయిన మనిషి. స్వదేశం స్వతంత్రం కావడం ఆయన చూడలేదు.

ఏడు దాటుతుండగా మా ఎడమ పక్క నుంచి నలుగురు పైకి వెళ్ళారు, మోకాళ్ళంత పొడుగు లెన్సులతో. గైడు చేతులూపాడు, వాళ్ళు చూడనట్టు నడిచారు. కాసేపటికి వాలు అంచున ఉన్న రెండు మగవి తోకలు దించి, మెడలు నిక్కించాయి. తర్వాత రెక్కలు చప్పుడు చేసుకుంటూ లోయ దాటి జారిపోయాయి, వాటి వెనకే మిగతావి. ఆ పొద్దుకు ఆట ముగిసింది. ఆ లెన్సులకు దొరికింది పక్షుల వీపులు.

నాకు ఫొటోగ్రాఫర్ల మీద పగ లేదు. కానీ ఈ పక్షి విషయంలో దూరమే మర్యాద అని గట్టిగా అంటాను. చుట్టూ బయలు ఉన్నందువల్లే దాని తెలుపు ఆడదాని కంట పడుతుంది, ఆ బయలు వల్లే మనమూ కిలోమీటరు అవతల కూర్చుని చూడగలుగుతాం, ఆ బయల్లోనే మనం అడుగు ముందుకు వేస్తే దానికీ కనపడిపోతాం. పొద చాటు లేని చోట దాక్కుని దగ్గరికి పోవడమన్నది ఉండదు. రోళ్లపాడులోనూ ఇదే చూశాను. బట్టమేక గొంతు సంచి ఉబ్బించి నిలబడ్డ చోటికి జీపు తోలుకుపోయిన పెద్దమనుషులున్నారు. అక్కడ పక్షులు పోవడానికి జీపులు ఒక్కటే కారణం కాదు, దున్నిన గడ్డి, పంట మారిన పొలాలు, వేట, కరెంటు తీగలు, ఇంకా చాలా ఉన్నాయి. ఇప్పుడు ఎంత దూరంలో నిలబడినా చూడ్డానికి అక్కడ బట్టమేక లేదు.

కూరో మీద పక్షులు ఇంకా ఉన్నాయంటే దానికి సగం కారణం రాజకీయం. గైడు చెప్పిన లెక్క ఇది. సోవియట్ రోజుల్లో ఈ లోయ గొర్రెలు వేసవిలో ఇక్కడ మేసి, చలికాలానికి కొండ అవతల దగెస్తాన్‌లోని కిజ్లియార్ మైదానాలకు పోయేవి. వేల మంద. వాలులన్నీ బోడి. దేశం ముక్కలయ్యాక సరిహద్దు పడింది, చలికాలపు మేత పోయింది, మందలు తరిగాయి. బర్చ్ మొక్కలు మళ్ళీ తలెత్తాయి. జనానికి నష్టం, పక్షికి లాభం. ఈ లోయలో ఎవరూ దాన్ని లాభంగా చెప్పుకోరు, చెప్పుకోనక్కరలేదు కూడా.

మిగిలిన మందల్లో ఒకటి దిగేటప్పుడు ఎదురైంది. ముందు వచ్చింది కుక్కలు. కాకసస్ గొర్రెల కుక్కలంటే దూడంత ఉంటాయి, తోడేలుకు పట్టు దొరక్కుండా చెవులు కోసి ఉంటాయి. మా అమ్మాయి నా వెనక, నేను గైడు వెనక, గైడు తన చేతికర్ర వెనక. కాపరి ఈల వేశాక అవి పదడుగుల దూరంలో ఆగి, మా గురించి తమలో తాము గురగురలాడుకున్నాయి. గ్రౌస్‌కు నక్క కన్నా, గద్ద కన్నా వీటి వల్ల ఎక్కువ చేటు అని గైడు ఫిర్యాదు. మంద వెంట పొదల్లో తిరుగుతూ గుడ్లు తింటాయి, ఎగరలేని పిల్లల్ని పడతాయి. జూన్, జూలైలో కుక్కల్ని పై పొదల్లోకి వదలొద్దని కాపరిని ప్రతి ఏడూ అడుగుతాడు. ఆ రోజూ అడిగాడు. జార్జియన్‌లో చాలాసేపు వాదన జరిగింది. రోగులతో మాట్లాడాలి గనక మా అమ్మాయి ఆ భాష కొంత నేర్చుకుంది, వింటూ చెప్పింది.

“తోడేలుకు నీ క్యాలెండరు తెలుసా అంటున్నాడు మామా. కుక్కల్ని కట్టేస్తే గొర్రె పోతే ఎవరిస్తారు అంటున్నాడు. ఈయనేమో, సరే, రెండు వారాలు ఆలస్యంగా ఎక్కు అంటున్నాడు. ఆయన వారం అంటున్నాడు.”

వారం దగ్గర తెగింది. కాపరి సంచిలోంచి ఉప్పటి చీజు ముక్క కోసి అందరికీ తలా ఒకటి ఇచ్చాడు. మాది ఏ దేశమో అడిగాడు, మీ దగ్గర గొర్రెలున్నాయా అని అడిగాడు. ఉన్నాయని ఫోనులో నెల్లూరు పొట్టేలు ఫొటో చూపించాను, మా చిన్నాన్న కొడుకు మందలోది. పొడుగు కాళ్ళు, వేలాడే చెవులు, ఒంటి మీద ఉన్ని లేదు, పొట్టి వెంట్రుకలే. కాపరి ఫోను తన చేతిలోకి తీసుకుని, వేళ్ళతో బొమ్మ పెద్దది చేసి, గొంతు నుంచి తోక దాకా పరీక్షగా చూశాడు. గైడుకేసి తిరిగి ఏదో అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

“ఏమన్నాడే?”

“ఉన్ని లేని గొర్రెల్ని మేపే ఊరి నుంచి వచ్చి, నా కుక్కల సంగతి మాట్లాడ్డానికి నిన్ను తోడు తెచ్చుకున్నాడా వీడు, అంటున్నాడు.”